తరుగు

ఎనుమాముల యార్డుల నా కొలువు
తక్‌పట్టీలు రాసుడు.
రైతు పేరు, ఊరు, బస్తాలు, ధర, తరుగు.
గళ్ల కాయితం, కింద కార్బన్, చెవి మీద పెన్ను.
మాఘంల తేజ మిర్చి దిగిందంటే
గాలి గూడ ఎర్రగైతది.
ఈడ ఎవరేడ్చినా
నింద మిర్చి మీదికే పోతది.

ఓదెలు హమాలి.
కుడి భుజం కన్న ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి.
నడుముకు కొక్కెం,
నోట్లె ఎప్పుడూ ఏదో ఒక జంతువు.

ఆ పొద్దు రేగొండ సారమ్మ పదకొండు బస్తాలు దించింది.
సావుకారి బస్తల చెయ్యి వెట్టిండు.
"తేమున్నది. బస్తకు రెండు కిలోలు తరుగు."
"పన్నెండు దినాలు ఎండవోసిన సేటూ."
"నిరుడు నీ సరుకుల తేముండె."
"నిరుడు నేను పత్తి వెట్టిన."
"అయితె మీ అక్కదైతది."
"నాకు అక్కే లేదు."
"రాయ్ రా, రెండు కిలోలు."
నేను రాసిన.
పెన్ను నాదే, చెయ్యి నాదే.

ఓదెలు బస్త దించి, రుమాల దులిపి,
ఎవలిదిక్కూ చూడకుంట అందుకున్నడు:
"చలివాగు కాడ మీదికెళ్లి తోడేలు నీళ్లు తాగుతున్నదట,
కిందికెళ్లి మేకపిల్ల..."
గంతే చెప్పిండు.
ముప్పై మంది హమాలీలు ఒక్కపారే తుమ్మినట్టు నవ్విన్రు.
అందరికన్న పెద్దగ సావుకారే నవ్విండు.
సారమ్మ నవ్వలే.
తరుగు తగ్గలే.
రాత్రి షట్టర్ దించుకుంట నన్నడిగిండు సావుకారి:
"తర్వాత ఏమైందిరా మేకపిల్ల?"

హన్మకొండ చౌరస్తల, ఫుట్‌పాత్ మీద
పది రూపాయలకు ఓ చెదలు తిన్న పుస్తకం దొరికింది.
గవే కథలు!
సముద్రాలవతల గ్రీసు దేశంల
ఎవలో బానిస చెప్పినయట.
ఊరేదో ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తరు,
అసలు గసొంటి మనిషే లేడనేటోళ్లూ ఉన్నరు.
ఆఖరుకు కొండ మీదికెళ్లి తోసేసిన్రట,
అదీ "అట"నే.
యజమాని ముందట నోరు తెరువరాదు గనక
నక్క నోరు అరువడిగిండేమో.

పగటీలి, చాయ్ బండి కాడ, ఓదెలుకు చదివి వినిపించిన.
"ద్రాక్షపండ్లా?" అన్నడు నొసలు ముడిచి.
"నక్క ద్రాక్ష ఏడ జూసింది?
ఈతపండ్లు. మా అవ్వ జెప్పింది. ఈతపండ్లే."
"మీ అవ్వకు ఎవలు జెప్పిన్రు?"
"వాళ్లవ్వ."
జర సేపాగి:
"మరి గాయినకు ఎవలు జెప్పిన్రో?
గాయినకు గూడ ఓ అవ్వ ఉండే ఉంటది గద."

ప్రతి కథ కింద లావు అచ్చరాలల్ల
"నీతి" అని ఉన్నది. అదీ చదివిన.
ఓదెలు బీడీ ఆర్పిండు.
"గది ఆయన చెప్పింది గాదు.
కూసోని రాసెటోడు తర్వాత కలిపిండు.
బరువు మోసెటోడు నీతి చెప్తె
కూలి కోస్తరు బిడ్డా."

మల్లొచ్చె లారీకి లేచి ఉరికిండు.
నేను మాత్రం ఆడనే కూసున్న.
ఎన్ని కాంటాలు ఎక్కి దిగిందో ఈ ముచ్చట!
చెప్పినోని పేరు రాలిపోయింది,
ఊరు రాలిపోయింది,
ద్రాక్ష ఈతపండైంది,
నది చలివాగైంది,
రెండున్నర వేల ఏండ్ల తరుగు పోను
మేకపిల్ల ఇంక నీళ్ల కాడ నిలవడే ఉన్నది,
తోడేలు ఇంక సాకు దేవులాడుతనే ఉన్నది.
గందుకేనేమో అరిగిపోదు:
వినెటోడు ప్రతిసారీ తోడేలును గుర్తువడ్తడు,
తను తప్ప.

నేనూ అంతే.
చాలా దినాలు నన్ను మేకపిల్లననుకున్న.
ఇయ్యాల లెక్క జూస్తె
ఆ తోడేలు చెప్పిన సాకులన్నీ
నా చేతిరాతలనే ఉన్నయి.

చెడిపోయిన తక్‌పట్టీ ఒకటి తిప్పకుంటనే నింపిన:
రైతు పేరు: తెలువదు.
ఊరు: సముద్రం అవతల, లేకపోతె వాగు ఇవతల.
సరుకు: ఒక తోడేలు, ఒక మేకపిల్ల, గుక్కెడు నీళ్లు.
తేమ: ఉన్నది.
తరుగు:
పెన్ను ఆడ ఆగింది.
నీతి రాద్దామని చూస్తె
తక్‌పట్టీల ఆ గడి లేదు.